పిట్ లేన్ కబుర్లు: సూపర్ అగురి బతికిన రెండేళ్లు

గత నెల జవాబుల్లో ఒక వాక్యం రాశాను: "డబ్బుకు కొదవలేని టొయోటా ఫార్ములా వన్‌లో ఎనిమిది సీజన్లు ఆడి ఒక్క రేసూ గెలవలేదు. చేతిలో చిల్లిగవ్వ లేని సూపర్ అగురిని మాత్రం జనం ఇప్పటికీ తలుచుకుంటారు." దాని మీద వచ్చినన్ని ఉత్తరాలు ఇంజన్ ఆయిల్ మీద రాసినప్పుడు కూడా రాలేదు. కనుక ఈ నెల శీర్షిక మొత్తం 2006 నుంచి 2008 దాకా ఫార్ములా వన్ కార్ల రేసుల్లో ఆడిన ఆ జపాన్ జట్టుకే.

ప్రశ్న: సూపర్ అగురి అంటే మన రోడ్ల మీద తిరిగే సుజుకి కంపెనీ జట్టా? — డిగ్రీ విద్యార్థి, గుంటూరు

కాదు. ఆ కంపెనీకీ ఈ జట్టుకూ ఏ సంబంధమూ లేదు. అగురి సుజుకి ఒక మనిషి. 1960లో టోక్యోలో పుట్టారు. 1990 అక్టోబర్‌లో సుజుకా సర్క్యూట్‌లో జరిగిన జపాన్ గ్రాండ్‌ప్రిలో మూడో స్థానంలో వచ్చి, ఫార్ములా వన్ పోడియం ఎక్కిన మొదటి జపాన్ డ్రైవర్ అయ్యారు. ఆ ఏడాది టైటిల్ కోసం పోరాడుతున్న సెన్నా, ప్రోస్ట్ మొదటి మలుపులోనే ఢీకొని ఇసుకలోకి పోయిన రేసు అదే. ప్రపంచమంతా వాళ్లిద్దరి గొడవే చెప్పుకుంది. జపాన్ వాళ్లకు మాత్రం ఆ రోజు అగురి రోజు. ఆయన నడిపింది ఫెరారీయో మెక్‌లారెనో కాదు, లరూస్ అనే ఫ్రెంచి జట్టు కారు. లోలా తయారీ ఛాసిస్, లాంబోర్గిని ఇంజన్.

డ్రైవింగ్ మానేశాక జపాన్‌లో ఆటోబ్యాక్స్ అనే కారు విడిభాగాల దుకాణాల సంస్థతో కలిసి 'ఆర్టా' పేరుతో జట్టు నడిపారు. అక్కడితో ఆగి ఉంటే హాయిగా ఉండేవారు. 2005 నవంబర్‌లో ఫార్ములా వన్‌లోకి వస్తున్నామని ప్రకటించారు.

ఎందుకు వచ్చారు అంటే టకుమా సాటో పేరు చెప్పాలి. ఆయన బి.ఎ.ఆర్. జట్టులో ఉండేవారు. 2004లో ఇండియానాపోలిస్‌లో మూడో స్థానం సాధించారు. 2005 సీజన్ మాత్రం ఘోరంగా పోయింది, ఏడాదంతా కలిపి ఒక్క పాయింటు. ఆ జట్టును హోండా పూర్తిగా కొనేసి, 2006కు బటన్ పక్కన బారికెల్లోను కూర్చోబెట్టింది. జపాన్ కంపెనీ జపాన్ కుర్రవాణ్ణే బయటికి పంపిందని అక్కడి అభిమానులు మండిపడ్డారు. ఆ సెగ చల్లారాలంటే సాటోకు ఎక్కడో ఒక సీటు దొరకాలి. సూపర్ అగురికి హోండా ఇంజన్లు ఇచ్చింది, సాటో ఆ జట్టులోకి వచ్చారు. నా దృష్టిలో ఈ జట్టు పుట్టుకకు అసలు కారణం ఇదే. పేదవాడు కల కని సాధించాడన్న కథ చాలామందికి ఇష్టం. కానీ ఈ పేదవాడి వెనుక హోండా జేబు ఉంది. ఈ సంగతి మరిచిపోతే జట్టు ఎలా పోయిందో కూడా అర్థం కాదు.

ప్రశ్న: నవంబర్‌లో ప్రకటించి మార్చిలో రేసు ఆడారని రాశారు. నాలుగు నెలల్లో ఫార్ములా వన్ కారు తయారవుతుందా? నేను పాతికేళ్లుగా లారీలు బాగుచేస్తున్నాను, నమ్మలేకపోతున్నాను. — మెకానిక్, రాజమహేంద్రవరం

మీలాంటివారు అడగాల్సిన ప్రశ్నే ఇది. తయారు కాదు. వాళ్లు తయారు చేయలేదు కూడా.

ఇంగ్లండ్‌లో ఆరోస్ అనే జట్టు ఉండేది. 2002లో సీజన్ మధ్యలో డబ్బు అయిపోయి మూతపడింది. ఆ ఏడాది వాళ్ల కారు పేరు ఎ23. జట్టు పోయాక ఆ కార్లను మినార్డి అనే మరో ఫార్ములా వన్ జట్టు యజమాని పాల్ స్టాడర్ట్ కొని పెట్టుకున్నారు. ఆయన ఆస్ట్రేలియా మనిషి. ఆ ఛాసిస్‌లలో ఒకటి మెల్‌బోర్న్ విమానాశ్రయంలో ప్రదర్శనకు పెట్టి ఉంది, వచ్చీపోయే ప్రయాణికులు ఫొటోలు తీసుకునేవారు. సూపర్ అగురి వాళ్లు ఆ బొమ్మ కారుతో సహా కొనుక్కొచ్చారు. అద్దాల వెనుక అలంకారంగా ఉన్నదాన్ని దింపి గంటకు మూడు వందల కిలోమీటర్ల వేగంతో పరుగెత్తించాలి!

ఇక్కడ మీకు తెలిసిన భాషలోనే చెబుతాను. లేలాండ్ ఛాసిస్ మీద టాటా ఇంజన్ కూర్చోబెట్టమంటే ఎన్ని తిప్పలో మన ఆటోనగర్‌లో లేత్ దగ్గర నిలబడి పెరిగిన నాకూ తెలుసు, మీకూ తెలుసు. బోల్టు రంధ్రాలు కలవవు, రేడియేటర్ గొట్టం చాలదు, ఎగ్జాస్ట్ ఎక్కడికో పోతుంది. ఇదీ అంతే. ఎ23లో ఉండేది మూడు లీటర్ల పది సిలిండర్ల కాస్‌వర్త్ ఇంజన్. 2006 నిబంధనల ప్రకారం పెట్టాల్సింది 2.4 లీటర్ల ఎనిమిది సిలిండర్ల హోండా. పొడవు వేరు, బరువు వేరు, వేడి వేరు. పైగా ఆ నాలుగేళ్లలో నిబంధనలూ మారాయి. 2005లో ముందు రెక్కను పైకి జరపమన్నారు, వెనుక రెక్కను ముందుకు తెమ్మన్నారు, కారు కింది గాలిని వెనుక నుంచి బయటికి పంపే డిఫ్యూజర్‌ను తగ్గించమన్నారు. క్రాష్ పరీక్షలు మళ్లీ పాసవ్వాలి. ఇవన్నీ చేసి దానికి ఎస్.ఎ.05 అని పేరు పెట్టారు.

డబ్బు గొడవ వేరే. కొత్త జట్టు 4.8 కోట్ల డాలర్ల ధరావతు కట్టాలి. అది సకాలంలో అందక, 2005 డిసెంబర్ మొదట్లో వెలువడిన జాబితాలో వీళ్ల పేరే లేదు. ఆలస్యంగా చేరాలంటే మిగతా జట్లన్నీ ఒప్పుకోవాలి. ఒప్పుకున్నాయి. జనవరి 26న అనుమతి వచ్చింది. మార్చి 12న బహ్రెయిన్‌లో మొదటి రేసు. అనుమతి వచ్చేదాకా ఆ కార్ల మీద పనిచేసినవాళ్లు దేన్ని నమ్ముకుని పనిచేశారో!

ఆ రేసులో జట్టు రెండో కారు ఆగిపోయింది, సాటో మాత్రం చివరిదాకా నడిపారు. గెలిచినవాడి కన్నా నాలుగు ల్యాప్‌లు వెనుక, పద్దెనిమిదో స్థానం. నవ్వినవాళ్లు నవ్వారు. నేను మాత్రం ఈ జట్టు చరిత్రలో మెచ్చుకోవాల్సిన పని ఇదే అంటాను. 2007లో వచ్చిన పాయింట్లకన్నా నాకు ఈ పద్దెనిమిదో స్థానమే ఎక్కువ.

ప్రశ్న: యూజీ ఇడే లైసెన్స్ రద్దు చేయడం న్యాయమేనా? — బ్యాంకు ఉద్యోగి, విశాఖపట్నం

పాఠకులకు ముందు సంగతి చెప్పాలి. ఆ మొదటి ఏడాది సాటోకు జోడీ ఇడే. అప్పటికి ఆయన వయసు 31. జపాన్‌లో ఫార్ములా నిప్పాన్ పోటీల్లో 2005లో రెండో స్థానం తెచ్చుకున్నవారు, అనామకుడేమీ కాదు. ఇటలీలో ఇమోలా రేసు మొదటి ల్యాప్‌లోనే ఆల్బర్స్ అనే డ్రైవర్ కారును గుద్దారు, అది పల్టీలు కొట్టింది. మే నెలలో మోటార్ రేసుల అంతర్జాతీయ సమాఖ్య, ఫార్ములా వన్ ఆడటానికి కావలసిన ఆయన సూపర్ లైసెన్స్‌ను వెనక్కి తీసుకుంది.

శిక్ష తప్పని నేను అనను. పక్క కారులో ఉన్నదీ మనిషే. కానీ ఆయన్ని ఆ స్థితిలో నిలబెట్టిందెవరు? టెస్టింగ్ అన్న మాటే లేకుండా, నాలుగేళ్ల నాటి కారు ఇచ్చి, ఎప్పుడూ చూడని ట్రాకుల మీద వదిలారు. ఇంగ్లీషు అంతంత మాత్రం, రేడియోలో ఇంజనీర్లు చెప్పేది ఎంత అందేదో అనుమానమే. జట్టులో ఇద్దరూ జపాన్ వాళ్లే ఉండాలన్న పట్టుదల అగురిది. దాని మూల్యం ఇడే కట్టారు. ఆయన తిరిగి జపాన్ వెళ్లి అక్కడి రేసుల్లో పాల్గొన్నారు. ఆయన సీటులోకి ఫ్రాన్స్‌కు చెందిన మోంటాన్యీ, తరువాత సకోన్ యమమోటో వచ్చారు.

ప్రశ్న: అలోన్సోను సాటో దాటిన రేసు గురించి మా నాన్నగారు ఇప్పటికీ చెబుతుంటారు. అది అంత గొప్పదా, లేక నాన్నగారి అతిశయోక్తా? — సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, హైదరాబాద్

నాన్నగారు ఉన్నదే చెప్పారమ్మా.

2007 జూన్ 10, మాంట్రియల్. సాటో బయలుదేరింది పదకొండో స్థానం నుంచి. ఆ రోజు ప్రమాదాలు ఎక్కువ. కుబిత్సా అనే డ్రైవర్ కారు గోడకు కొట్టుకుని తునాతునకలైంది, ఆయన బతికి బయటపడటమే అద్భుతం. ప్రమాదం జరిగినప్పుడు అందరి వేగం తగ్గించడానికి ముందు నడిచే సేఫ్టీ కారు నాలుగుసార్లు వచ్చింది. చివరికి వచ్చేసరికి సాటో ముందున్నది ఫెర్నాండో అలోన్సో. అప్పటికి వరుసగా రెండేళ్లు ప్రపంచ విజేత, కింద ఉన్నది మెక్‌లారెన్ కారు, సీజన్‌లో అందరికన్నా వేగమైన వాటిలో ఒకటి. ఆ రోజు మాత్రం దాని టైర్లు పట్టు వదిలేశాయి.

మాంట్రియల్ ట్రాకులో వెనక్కి తిరిగే హెయిర్‌పిన్ మలుపు దాటాక పొడవైన సూటి దారి, దాని చివర చికేన్ (వెంటవెంటనే వచ్చే మలుపుల జంట), చికేన్ పక్కనే గోడ. ఎందరో ప్రపంచ విజేతలు ముక్కు బద్దలు కొట్టుకున్న గోడ అది. సాటో హెయిర్‌పిన్ నుంచి అలోన్సో తోకకు అంటుకుని వచ్చారు. ముందు కారు చీల్చిన గాలిలో వేగం పెంచుకుని, బ్రేకులు వేసే చోట పక్కకు తీసి, ఆయనకన్నా ముందుగా చికేన్‌లో దూరారు. అంతే. రేసు ఇంకా కొద్ది ల్యాప్‌లే ఉంది.

ముగింపు పట్టిక చూడండి: ఐదు రైకోనెన్, ఆరు సాటో, ఏడు అలోన్సో, ఎనిమిది రాల్ఫ్ షూమాకర్. ఐదో స్థానంలో ఉన్నది ఆ ఏడాది టైటిల్ గెలవబోయే మనిషి. ఎనిమిదిలో ఉన్నది టొయోటా. గత నెల నేను రాసిన వాక్యానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు. ఆరో స్థానానికి మూడు పాయింట్లు వచ్చాయి. జట్టు చరిత్రలో అదే అత్యుత్తమం.

నాన్నగారు చెప్పారో లేదో, అదే రేసులో సాటో జోడీ ఆంథొనీ డేవిడ్సన్ ఒక దశలో మూడో స్థానంలో ఉన్నారు. ట్రాకు మీదికి గ్రౌండ్‌హాగ్ ఒకటి, ఉడుత జాతికి చెందిన బొద్దు జంతువు, అడ్డంగా వచ్చింది. దాన్ని గుద్దితే ముందు రెక్క దెబ్బతిని పిట్స్‌లోకి వెళ్లాల్సి వచ్చింది. పదకొండో స్థానంతో సరిపెట్టుకున్నారు. పిల్లి ఎదురైతేనే ఆగిపోయే మనకు ఆయన బాధ బాగా తెలుస్తుంది.

ప్రశ్న: 2007లో వాళ్లు నడిపింది హోండా పాత కారే, రంగు మార్చారంతే అని మా మిత్రుడి వాదన. నిజమేనా? — ఉపాధ్యాయుడు, నెల్లూరు

చాలావరకు నిజం. ఎస్.ఎ.07 పుట్టింది హోండా 2006 కారు ఆర్.ఎ.106 నుంచి. అప్పటి ఒప్పందం ప్రకారం ప్రతి జట్టూ సొంత కారు రూపొందించుకోవాలి. మేం కోట్లు పోసి సొంతంగా కట్టుకుంటుంటే వీళ్లు అన్నగారి చొక్కా తొడుక్కు వస్తున్నారని స్పైకర్ జట్టు గొడవకు దిగి, ఆర్బిట్రేషన్ (మధ్యవర్తుల తీర్పు) దాకా వెళ్లింది. ఆ స్పైకర్‌నే అదే ఏడాది విజయ్ మాల్యా బృందం కొని ఫోర్స్ ఇండియాగా మార్చింది. అంటే ఆ తగాదాలో ఒక పక్షం తరువాత మన దేశం పేరు పెట్టుకుంది.

కానీ మీ మిత్రుడు ఒకటి వదిలేశారు. అన్నగారి చొక్కా అన్నగారి కన్నా తమ్ముడికే బాగా నప్పింది. 2007 సీజన్ మొదటి క్వాలిఫయింగ్‌లో (రేసు బయలుదేరే వరుసను తేల్చే పోటీ), మెల్‌బోర్న్‌లో, సాటో పది, డేవిడ్సన్ పదకొండు. హోండా సొంత కార్లు రెండూ వీళ్ల వెనుక. స్పెయిన్‌లో సాటో ఎనిమిదో స్థానంతో జట్టుకు తొలి పాయింటు తెచ్చారు, అప్పటికి హోండా ఖాతా తెరవనే లేదు. కారణాల్లో ఒకటి టైర్లని నా అభిప్రాయం. ఆ ఏడాది నుంచి అందరికీ బ్రిడ్జ్‌స్టోన్ టైర్లే. హోండా మిషెలిన్ నుంచి మారింది, సూపర్ అగురికి ముందే ఒక ఏడాది బ్రిడ్జ్‌స్టోన్ అనుభవం ఉంది. రెండోది, హోండా కొత్త కారు అసలు బాగా లేదు.

ప్రశ్న: అంత బాగా ఆడుతుంటే జట్టు ఎందుకు మూతపడింది? లెక్కలు చెప్పండి. — అకౌంటెంట్, కరీంనగర్

లెక్క చిన్నది. రావాల్సింది రాలేదు, కట్టాల్సింది ఆగలేదు. 2007లో ఒక స్పాన్సర్ ఇస్తానన్న సొమ్ము ఇవ్వలేదు. రోజువారీ ఖర్చు హోండా మీద పడింది. 2008 మొదట్లో మాగ్మా అనే బృందం కొంటామని వచ్చి, మాటలు దాదాపు పూర్తయ్యాక వెనక్కి పోయింది. తరువాత జర్మనీకి చెందిన వైగల్ ముందుకొచ్చింది. హోండాకు అది నచ్చలేదు.

ఏప్రిల్ 27న స్పెయిన్‌లో సాటో పదమూడో స్థానంలో రేసు ముగించారు. తరువాతిది టర్కీ. జట్టు లారీలు ఇస్తాంబుల్ పార్క్ దాకా వెళ్లాయి, గేటు దగ్గర లోపలికి రానివ్వలేదు. కార్లూ పనిముట్లూ లోపలున్న లారీలు, బయట రోడ్డు మీద. మే 6న టోక్యోలో అగురి సుజుకి విలేఖరుల ముందుకొచ్చి తప్పుకుంటున్నామని చెప్పారు. మొత్తం 39 రేసులు, 4 పాయింట్లు.

అగురిని వెన్నుపోటు పొడిచారని జపాన్ అభిమానులు హోండాను తిట్టారు. నాకు అలా అనిపించదు. సొంత జట్టే అడుగున కొట్టుమిట్టాడుతుంటే రెండో జట్టును ఎవరు మోస్తారు? అదే ఏడాది డిసెంబర్‌లో హోండా తన జట్టునూ వదిలేసింది. వదిలేసిన ఆ జట్టే బ్రాన్ పేరుతో 2009లో డ్రైవర్ల టైటిల్, జట్ల టైటిల్ రెండూ గెలిచింది. తిట్టాలనుకుంటే హోండాను ఆ తొందరపాటుకు తిట్టండి.

ప్రశ్న: లీఫీల్డ్‌లో ఉన్న జట్లన్నీ దివాలా తీశాయని చదివాను. వాస్తు దోషం ఉందంటారా? — గృహిణి, తిరుపతి

ఉత్తరం చదివి చాలాసేపు నవ్వుకున్నాను. తరువాత తేదీలు రాసి చూస్తే నవ్వు కాస్త తగ్గింది. ఇంగ్లండ్‌లో ఆక్స్‌ఫర్డ్‌షైర్ జిల్లాలో లీఫీల్డ్ అనే పల్లె ఉంది. ఆరోస్ కర్మాగారం అక్కడే, 2002లో పోయింది. అదే చోట సూపర్ అగురి, 2008లో పోయింది. అదే చోటికి 2012లో కేటర్‌హామ్ వచ్చింది, 2014లో పోయింది. సరిగ్గా ఆరేళ్లకొకటి.

ఈశాన్యం బరువైందో నైరుతి తగ్గిందో నాకు తెలియదు కానీ, మూడింటికీ జబ్బు ఒకటే: అప్పు. ఖాళీగా ఉన్న రేసింగ్ కర్మాగారం చవకగా దొరుకుతుంది, చవక కోసం వెతికేది డబ్బు లేని జట్టే. కనుక ఆ గేటులోంచి లోపలికి వెళ్లినవాళ్లంతా ముందే నీరసంగా ఉన్నవాళ్లు.

జపాన్ జట్టు ఇంగ్లండ్‌లో ఎందుకుందని కూడా మీరు అడిగారు. విడిభాగాలు చేసేవాళ్లు, గాలి సొరంగాలు, పనిచేతనైన ఇంజనీర్లు అంతా ఆ చుట్టుపక్కలే. సూపర్ అగురి సాంకేతిక విభాగాన్ని నడిపిన మార్క్ ప్రెస్టన్ కూడా ఒకప్పుడు అక్కడ ఆరోస్‌లో పనిచేసినవారే.

ప్రశ్న: మన హైదరాబాద్‌లో జరిగిన రేసుకూ ఈ జట్టుకూ ఏమైనా సంబంధం ఉందా? — పాఠకుడు, సికింద్రాబాద్

నేరుగా లేదు. దూరపు చుట్టరికం ఉంది, నాకు బాగా నచ్చిన చుట్టరికం.

2014లో విద్యుత్ కార్ల ఫార్ములా ఇ మొదలైనప్పుడు అగురి సుజుకి మళ్లీ వచ్చారు, మార్క్ ప్రెస్టన్‌తోనే. టీమ్ అగురి అని పేరు. 2015 జనవరిలో బ్యూనస్ ఐరిస్‌లో పోర్చుగల్ డ్రైవర్ ఆంటోనియో ఫెలిక్స్ ద కోస్టా ఆ జట్టుకు రేసు గెలిచి పెట్టారు. ఫార్ములా వన్‌లో 39 రేసుల్లో రానిది ఇక్కడ మొదటి సీజన్‌లోనే వచ్చింది. 2016లో జట్టును చైనా వాళ్లు కొని టెచీటా అని పేరు మార్చారు. ఆ టెచీటాలో జాన్ ఎరిక్ వెర్న్ రెండుసార్లు ఛాంపియన్ అయ్యారు, తరువాత ద కోస్టా అదే జట్టులో ఛాంపియన్ అయ్యారు.

ఇప్పుడు 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున జరిగిన ఫార్ములా ఇ రేసు గుర్తు చేసుకోండి. గెలిచింది వెర్న్. మూడోగా గీత దాటిన బ్యూమీకి శిక్ష పడటంతో మూడో స్థానంలోకి వచ్చింది ద కోస్టా. అప్పటికి ఇద్దరూ వేరే జట్లకు మారిపోయారు. అయినా ఆ రోజు ఎన్టీఆర్ మార్గ్‌లో పోడియం మీద ఉన్న ముగ్గురిలో ఇద్దరు అగురి వేసిన పాదు నుంచి వచ్చినవాళ్లే.

ప్రశ్న: ఆ మనుషులంతా ఇప్పుడేం చేస్తున్నారు? — విశ్రాంత ఉద్యోగి, ఏలూరు

సాటో అమెరికా వెళ్లి ఇండియానాపోలిస్ 500 రేసును రెండుసార్లు, 2017లోనూ 2020లోనూ గెలిచారు. ఆ రేసు గెలిచిన మొదటి జపాన్ మనిషి ఆయనే. 2019లో సుజుకా రేసింగ్ పాఠశాల ప్రిన్సిపాల్ బాధ్యత కూడా చేపట్టారు. గ్రౌండ్‌హాగ్ బాధితుడు డేవిడ్సన్ 2014లో టొయోటాతో, గంటల తరబడి సాగే ఎండ్యూరెన్స్ రేసుల్లో ప్రపంచ ఛాంపియన్ అయ్యారు. సకోన్ యమమోటో దారి మాత్రం ఎవరూ ఊహించనిది: 2021లో జపాన్ పార్లమెంటు దిగువ సభకు ఎన్నికయ్యారు. అగురి ఆర్టా జట్టు జపాన్ సూపర్ జి.టి. పోటీల్లో 2007లోనే పెద్ద తరగతి టైటిల్ గెలిచింది. అంటే అక్కడ ఫార్ములా వన్‌లో అప్పుల వాళ్లు తరుముతున్న ఏడాదే ఇక్కడ కప్పు ఇంటికొచ్చింది.

వచ్చే నెల మజ్దా రోటరీ ఇంజన్, 1991 లె మాన్స్ విజయం గురించి. పిస్టన్ లేకుండా ఇంజన్ ఎలా తిరుగుతుందని ఇప్పటికే ముగ్గురు అడిగారు, ఆ ప్రశ్న మళ్లీ పంపనక్కర్లేదు.